మెడల్ ఇచ్చారు, కాగితం ఇవ్వలేదు: ధనగోపాల్ ముఖర్జీ కథ

ఎపిసోడ్‌లో టైము చాలక ఈ మనిషి గురించి కొన్ని సంగతులు వదిలేశాను. ఆ మిగిలిన లెక్క ఇక్కడ పూర్తి చేస్తా.

పేరు ధనగోపాల్ ముఖర్జీ. తెలుగాయన కాదు, బెంగాలీ. 1890లో కలకత్తా దగ్గర ఓ పల్లెలో పుట్టాడు. అమెరికాలో పిల్లల పుస్తకాలకి ఇచ్చే బహుమతుల్లో న్యూబెరీ మెడల్‌ది పెద్ద పేరు. 1928లో అది ఈయనకి వచ్చింది. మన దేశం నుంచి వెళ్ళి దాన్ని అందుకున్న మొదటి మనిషి ఈయనే. అయితే నేను ఈయన కథ ఎత్తుకున్నది మెడల్ చూసి కాదు. దానికి ముందు ఆయన గిన్నెలు కడిగాడు, పొలాల్లో కూలి చేశాడు. అది వచ్చాక కూడా ఆ దేశం ఆయన్ని తన మనిషిగా రాసుకోలేదు.

1909లో, ఇంకా ఇరవై ఏళ్ళు నిండకుండానే, యంత్రాల చదువు కోసం జపాన్ వెళ్ళాడు. అప్పటికే అన్న జాదూగోపాల్ బ్రిటిష్ వాళ్ళ మీద రహస్యంగా పోరాడే జుగాంతర్ దళంలో ఉన్నాడు. జపాన్‌లో ఫ్యాక్టరీ పని నడిచే తీరు, ఆ వేగం చూసి మొదట ముచ్చటపడ్డాడు. తర్వాత ఇంకోటి చూశాడు. దెబ్బ తగిలిన పనివాణ్ణి పక్కకి తీసి, ఆ జాగాలో ఇంకొకణ్ణి నిలబెట్టేవాళ్ళు. వైద్యం ఏమైంది, పరిహారం ఏమైంది అని అడిగే దిక్కు లేదు. యంత్రం మీద మోజు అక్కడితో పోయింది.

నేను ఐటీఐ చేసినవాణ్ణి, సైట్ మీద మనుషుల్ని నడిపేవాణ్ణి. ఈ ముక్క దగ్గర చదవడం ఆపి కాసేపు కూర్చున్నా. పొద్దున ఒకడు పడిపోయిన చోట సాయంత్రానికి ఇంకొకడు నిలబడటం నేనూ చూశా. డ్యూటీ షీట్‌లో పేరు కొట్టేసి కొత్త పేరు రాసింది నా చెయ్యే.

1910లో ఓడెక్కి శాన్‌ఫ్రాన్సిస్కోలో దిగాడు. మంచి కాలం కాదది. మూడేళ్ళ కిందటే, 1907 సెప్టెంబర్‌లో, వాషింగ్టన్ రాష్ట్రంలోని బెల్లింగ్‌హామ్ అనే ఊళ్ళో కలప మిల్లుల్లో పనిచేసే మనవాళ్ళని, ఎక్కువమంది పంజాబీలు, గుంపు మీదపడి కొట్టి తరిమేసింది. ఈయన బర్క్‌లీ యూనివర్సిటీలో చేరి, పొట్ట కోసం ఇళ్ళలో పనులు చేశాడు, పంట పొలాలకి పోయాడు. 1914లో స్టాన్‌ఫోర్డ్ నుంచి డిగ్రీ పుచ్చుకున్నాడు.

ఆ రోజుల్లో కాలిఫోర్నియాలో తెలుగువాళ్ళూ లేకపోలేదు. కనిగిరికి చెందిన దరిశి చెంచయ్య గారు 1912లో చదువు కోసం అమెరికా వెళ్ళి, గదర్ పార్టీలో చేరి, తర్వాత జైళ్ళు చూశారు. ఆయన ఆత్మకథ ‘నేనూ నా దేశం’ దొరికితే చదవండి. ఒకే కాలంలో చెంచయ్య గారిది పోరాటం దారి, ముఖర్జీది కలం దారి.

ముఖర్జీ మొదట కవితలు, నాటకాలు రాశాడు. 1918లో ఎథెల్ రే డుగన్ అనే అమెరికన్ టీచర్‌ని పెళ్ళి చేసుకున్నాడు. 1922లో వచ్చిన ‘కారి ది ఎలిఫెంట్’తో ఆయన దారి ఆయనకి దొరికింది. తొమ్మిదేళ్ళ పిల్లాడు, వాడు సాకే ఐదు నెలల ఏనుగు పిల్ల. కథ అంతే. యంగ్ అడల్ట్ అనే పేరు అప్పటికి లేదు గానీ, ఆయన రాసింది ఎదిగే వయసు పిల్లలకే. పరాయి దేశంలో కూర్చుని, తన ఊరి అడవినీ జంతువుల్నీ ఆ దేశపు పిల్లల ముందు పెట్టాడు.

ఇక్కడ రెండు తేదీలు పక్కపక్కన పెట్టి చూడండి. 1923లో ఆయన తన జీవితకథ ‘కాస్ట్ అండ్ ఔట్‌కాస్ట్’ అచ్చువేశాడు. మొదటి సగం కులంలో పుట్టిన ఇండియా బతుకు, రెండో సగం వెలివాడిగా గడిపిన అమెరికా బతుకు. అదే ఏడాది ఫిబ్రవరిలో అమెరికా సుప్రీంకోర్టు భగత్ సింగ్ థింద్ కేసులో తీర్పు చెప్పింది: భారతీయులు చట్టం దృష్టిలో తెల్లవాళ్ళు కాదు, కాబట్టి పౌరసత్వానికి అర్హులు కాదు. థింద్ అమెరికా సైన్యంలో పనిచేసినవాడు. అయినా లాభం లేకపోయింది. 1917 చట్టంతో మనవాళ్ళు కొత్తగా వచ్చే దారి అప్పటికే మూసేశారు. ఈ తీర్పుతో లోపల ఉన్నవాళ్ళకీ తలుపు పడింది.

ఆ తీర్పు వచ్చిన ఐదేళ్ళకి మెడల్ వచ్చింది. పుస్తకం పేరు ‘గే-నెక్’, ఓ పావురం కథ. పావురం అసలు పేరు చిత్రగ్రీవ. మనం చిన్నయసూరి మిత్రలాభంలో చదువుకున్న పావురాల రాజు చిత్రగ్రీవుడే గుర్తొస్తాడు కదా! ఈ చిత్రగ్రీవ కలకత్తా మిద్దెల మీద పెరిగి, హిమాలయాల దాకా ఎగరడం నేర్చి, మొదటి ప్రపంచ యుద్ధంలో భారత సైన్యంతో పాటు ఫ్రాన్స్‌కి వెళ్తుంది, ఉత్తరాలు మోయడానికి. ఆ యుద్ధానికి మన దేశం నుంచి సముద్రం దాటినవాళ్ళు 10 లక్షల పైమాటే. పావురం ప్రాణాలతో తిరిగొస్తుంది గానీ భయంతో ఎగరలేదు. దాంతో వెళ్ళిన వేటగాడు ఘోండ్‌ది కూడా అదే స్థితి. బౌద్ధ లామాల మఠంలో మెల్లగా ఆ భయం వదులుతుంది. పరాయివాడి పని మీద పోయి, ఒళ్ళు బాగానే ఉండి మనసు దెబ్బతిని వచ్చినవాళ్ళు మన ఊళ్ళలో లేరా? పిల్లల కథే, కానీ నాకు పిల్లల కథలా అనిపించలేదు.

ఇప్పటి నియమం ప్రకారం ఆ మెడల్‌కి అమెరికా పౌరుడే కానక్కర్లేదు, అక్కడ నివాసం ఉంటే చాలు. పౌరసత్వ చట్టం మాత్రం ఒంటి రంగు అడిగింది. మనవాళ్ళకి ఆ హక్కు వచ్చింది 1946లో, లూస్-సెల్లర్ చట్టంతో. అది కూడా ఏడాదికి 100 మందినే రానిస్తామనే కోటాతో.

ముఖర్జీ దాన్ని చూడలేదు. చాలాకాలం మనసు కుంగి, 1936 జూలై 14న న్యూయార్క్‌లో తన ప్రాణం తానే తీసుకున్నాడు. 46 ఏళ్ళు. దాన్ని ఏ ఒక్క కారణం మీదికో నెట్టడం న్యాయం కాదు. కానీ పేరుంది, పుస్తకాలున్నాయి, ఇల్లుంది, అయినా లోపల ఒంటరి. ఇది మన క్యాంపు గదుల్లో కొత్త సంగతి కాదు.

ఈరోజు ఆ దారిలో చాలామంది ఉన్నారు. చెన్నైలో పుట్టిన పద్మా వెంకట్రామన్ సముద్ర శాస్త్రం చదివి, పిల్లల నవలలు రాస్తోంది. బెంగళూరులో పుట్టిన డాక్టర్ రజనీ లారోకా పుస్తకానికి 2022లో న్యూబెరీ ఆనర్ వచ్చింది. వాళ్ళ కంటే ముందు, దగ్గర దగ్గర వందేళ్ళ కింద, ఆ బాట వేసినవాళ్ళలో గిన్నెలు కడిగిన ఈ చేతులు ఉన్నాయి.

రెండు మాటలు చెప్పి ముగిస్తా. ఈ శుక్రవారం ఇంటికి ఫోన్ చేసినప్పుడు డబ్బు లెక్కలయ్యాక ఐదు నిమిషాలు ఆపి, పిల్లలకి మీ చిన్నప్పటి ఊరి కథ ఒకటి చెప్పండి. చెరువు, ఎద్దు, ఏదైనా సరే. రెండోది, గదిలో ఎవరైనా మాట తగ్గించి, అన్నం తగ్గించి ఓ మూలకి చేరితే, ‘వాడి తీరే అంత’ అని వదిలేయకండి. పక్కన కూర్చుని అడగండి.

వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం.