కంప్యూటరు క్యాబినెట్

కంప్యూటరు క్యాబినెట్ అనగా మదర్‌బోర్డు, విద్యుత్ సరఫరా చేసే ఎస్ఎంపీఎస్, డిస్కులు, గ్రాఫిక్స్ కార్డు మొదలైన భాగాలను బిగించే పెట్టె. వాడుకలో ఈ పెట్టెనే సీపీయూ అంటారు. నిజానికి సీపీయూ లోపలి బోర్డుపై అమరే ప్రాసెసరు మాత్రమే. విడిభాగాలు కొని ఇంట్లో కంప్యూటరు కూర్చుకునేవారు చాలామంది క్యాబినెట్‌ను చివరన, మిగిలిన డబ్బుతో కొంటారు. విజయవాడ, కృష్ణా డెల్టా వంటి వేడి, తేమ గల ప్రాంతాలలో ఇది సరైన పద్ధతి కాదు.

పరిమాణాలు

పరిమాణాన్ని మొదట నిర్ణయించేది మదర్‌బోర్డు. ఇంటెల్ సంస్థ 1995లో ప్రవేశపెట్టిన ఏటీఎక్స్ ప్రమాణం ప్రకారం బోర్డు 305 × 244 మి.మీ. ఉంటుంది. 1997లో వచ్చిన మైక్రో ఏటీఎక్స్ గరిష్ఠంగా 244 × 244 మి.మీ., వయా సంస్థ 2001లో ప్రకటించిన మినీ ఐటీఎక్స్ 170 × 170 మి.మీ. విస్తరణ స్లాట్లు వీటిలో వరుసగా ఏడు, నాలుగు, ఒకటి వరకు ఉంటాయి. పెద్ద క్యాబినెట్‌లో చిన్న బోర్డును బిగించవచ్చును, చిన్నదానిలో పెద్ద బోర్డు పట్టదు.

బోర్డు పట్టినంత మాత్రాన సరిపోదు. గ్రాఫిక్స్ కార్డులలో 300 మి.మీ. దాటినవి ఉన్నాయి. ప్రాసెసరుపై నిలువుగా నిలిచే పెద్ద కూలర్ల ఎత్తు 160 మి.మీ. దాకా ఉంటుంది. ముందువైపు లోపల ఫ్యాను బిగిస్తే కార్డుకు మిగిలే చోటు మరో 25 మి.మీ. తగ్గుతుంది. మరీ చిన్న పెట్టెలలో సాధారణ ఎస్ఎంపీఎస్ పట్టక, చిన్నదైన ఎస్ఎఫ్ఎక్స్ రకం కొనవలసి వస్తుంది.

వేడి, తేమ

విజయవాడలో మే నెల పగటి ఉష్ణోగ్రత తరచు 40 డిగ్రీల సెల్సియస్ దాటుతుంది. ఫ్యాను గదిలోని గాలినే లోపలికి లాగుతుంది కాబట్టి లోపలి భాగాలను గదికంటే చల్లబరచలేదు. ఇరుకైన పెట్టెలో వేడి గాలి త్వరగా బయటికి పోక, ప్రాసెసరు తన వేగాన్ని తానే తగ్గించుకుంటుంది. ఏసీ లేని గదికి మైక్రో ఏటీఎక్స్ బోర్డు, ముందు జాలీ గల మిడ్ టవర్ క్యాబినెట్ తగిన జోడి. ముందు అద్దం లేదా మూసిన పలక ఉన్నవి చూపుకు బాగుంటాయి, గాలికి అడ్డు.

దుమ్ముకు తేమ తోడైతే మరింత హాని. లోపలికి గాలి తోసే ఫ్యాన్లు బయటికి పంపేవాటికంటే ఎక్కువగా ఉంటే గాలి ప్రధానంగా వడపోత జాలీ గుండానే వస్తుంది. మచిలీపట్నం వంటి తీర ప్రాంతాలలో ఉప్పుగాలికి పలుచని రేకు పెట్టెలు, మరలు త్వరగా తుప్పు పడతాయి. వాడని స్లాట్ల రేకులు తీసివేయరాదు; ఆ సందుల్లోంచి బల్లులు, ఎలుక పిల్లలు దూరుతాయి.

అమర్చే చోటు

ఫుల్ టవర్ బల్లపై పట్టక సాధారణంగా నేలపైనే ఉంటుంది. నేటి టవర్లలో అధికభాగానికి ఎస్ఎంపీఎస్ అడుగున ఉండడం వలన ఇంట్లోకి కొద్దిపాటి నీరు వచ్చినా మొదట తడిసేది అదే. 2024 సెప్టెంబరులో బుడమేరు వరదకు విజయవాడ అజిత్ సింగ్ నగర్ ప్రాంతంలో ఇళ్ళ కింది అంతస్తులు మునిగి, రోజుల తరబడి నీరు నిలిచింది. పల్లపు వీధులలోని ఇళ్ళకు బల్లపై పెట్టగలిగి, అవసరమైతే ఒక్కరే మోసుకుపోగల పరిమాణం మేలు.

లోహపు క్యాబినెట్‌ను తాకినప్పుడు జివ్వుమంటే ప్లగ్గుకు సరైన ఎర్తింగు లేదని అనుమానించాలి. పెట్టె మార్చినా ఇది పోదు. ఎలక్ట్రీషియను చేత మూడు పిన్నుల సాకెట్టును పరీక్షింపజేయాలి.