వైఫై కోసం బోథ్ నుంచి ఆదిలాబాద్‌కు మూడుసార్లు

మొన్న మా బోథ్‌లో తమ్ముడు వరసయ్యే పిల్లగాడొకడు లాప్‌టాప్ చంకలో పెట్టుకొని ఇంటికొచ్చాడు. "అన్నా, విండోస్ మళ్ల ఎక్కించిన. వైఫై గుర్తే కనిపిస్తలేదు. డ్రైవర్ డౌన్‌లోడ్ చేద్దామంటే నెట్ లేదు. నెట్ రావాలంటే డ్రైవర్ కావాలె" అన్నాడు. నాకు నవ్వొచ్చింది. ఇదే ముడి విప్పడానికి నేను 2012లో మూడుసార్లు ఆదిలాబాద్ బస్సెక్కాను మరి.

అప్పుడు డిగ్రీ చదువుతున్నాను. సెకండ్ హ్యాండ్ లాప్‌టాప్ కొని, డీవీడీతో లినక్స్ వేశాను. స్క్రీన్ వచ్చింది, పాటలు వచ్చాయి, వైఫై మాత్రం రాలేదు. పెన్‌డ్రైవ్ జేబులో వేసుకొని ఆదిలాబాద్ నెట్ సెంటర్‌కు పోయి ఒక ఫైల్ తెచ్చాను. ఇంటికొచ్చి ఎక్కిస్తే, ఇంకో ఫైల్ కావాలంది. మళ్లీ పోయాను. ఈసారి తెచ్చింది వేరే మోడల్‌ది! మూడోసారి బస్ కిరాయి అడిగితే అమ్మ, "గా డబ్బాల ఏమున్నదిరా, గిన్నిసార్లు తిరుగుతున్నవ్?" అన్నది.

మంచి ప్రశ్నే. ఆ డబ్బాలో ఉన్నది చిన్న రేడియో. లాప్‌టాప్ చెప్పేది దానికి నేరుగా అర్థం కాదు. మా దిక్కు సంతలో తెలుగు, గోండి, మరాఠీ మూడూ వినిపిస్తాయి. ఒకరి మాట ఇంకొకరికి చెప్పే మనిషి మధ్యలో ఉంటేనే బేరం తెగుతుంది. ఆ మనిషే డ్రైవర్. ఇది కాక ఫర్మ్‌వేర్ అని ఇంకోటి ఉంటుంది. చాలా వైఫై కార్డులు దాన్ని తమలో దాచుకోవు, ఆన్ చేసిన ప్రతిసారీ లాప్‌టాపే ఎక్కించాలి. నేను మొదట తెచ్చింది డ్రైవర్, అది అడిగింది ఫర్మ్‌వేర్. అంతే కథ.

మరి ఆ రెండూ లినక్స్ డీవీడీలోనే ఎందుకు లేవు? ఇక్కడే అసలు చరిత్ర ఉంది. 1985లో అమెరికా కొన్ని రేడియో బ్యాండ్లను లైసెన్స్ లేకుండా వాడుకోనిచ్చింది. 1997లో 802.11 ప్రమాణం వచ్చింది, వేగం సెకనుకు 2 మెగాబిట్లు. 1999లో అది 11కి పెరిగింది, వైఫై అనే పేరూ అప్పుడే పెట్టారు. 2003లో ఇంటెల్ సెంట్రినోతో లాప్‌టాప్ లోపలే వైఫై మామూలైపోయింది. మన దేశం 2.4 గిగాహెర్ట్జ్ బ్యాండ్‌ను లైసెన్స్ నుంచి మినహాయిస్తూ 2005 జనవరిలో నోటిఫికేషన్ ఇచ్చింది.

గాలి ఫ్రీ అయింది కానీ చిప్పు కాలేదు. చిప్పుతో ఎలా మాట్లాడాలో చెప్పే పత్రాలను చాలా కంపెనీలు బయటపెట్టలేదు. విండోస్‌కు డ్రైవర్ ఇచ్చి ఊరుకున్నాయి. బ్రాడ్‌కామ్ చిప్పుల సంగతే చూడండి. కొందరు ప్రోగ్రామర్లు రెండు జట్లుగా విడిపోయారు. ఒక జట్టు కంపెనీ డ్రైవర్‌ను విప్పి చూసి, అది ఏం చేస్తుందో మాటల్లో రాసింది. రెండో జట్టు ఆ డ్రైవర్‌ను కన్నెత్తి చూడకుండా, రాసింది చదివి కొత్త డ్రైవర్ కట్టింది. కాపీ కొట్టారని ఎవరూ అనకూడదు కదా! అది 2006లో లినక్స్‌లో చేరింది. ఫర్మ్‌వేర్ మాత్రం కంపెనీది, పంచిపెట్టే హక్కు లేదు. అందుకే దాన్ని విండోస్ డ్రైవర్‌లోంచి కోసి తీసే చిన్న ప్రోగ్రాం ఒకటి రాశారు. దాని పేరులోనే కట్టర్ ఉంటుంది. 2010 సెప్టెంబర్‌లో ఆ కంపెనీయే తన కొత్త చిప్పులకు ఓపెన్ సోర్స్ డ్రైవర్ ఇచ్చింది.

అయినా పంచాయితీ తెగలేదు. కోడ్ చూపించని ఫర్మ్‌వేర్‌ను ఫ్రీ సాఫ్ట్‌వేర్ డిస్క్‌లో పెట్టొచ్చా? డెబియన్ వాళ్లు 2022లో దీనిమీద ఓటింగే పెట్టుకున్నారు. 2023లో వచ్చిన డెబియన్ 12 నుంచి అది ఇన్‌స్టాలర్‌లోనే వస్తోంది. సిద్ధాంతం కొంచెం వంగిందని కొందరికి బాధ. నాకు వాళ్లమీద గౌరవమే, కానీ ఆదిలాబాద్ బస్సు ఎక్కినవాడిని, నా ఓటు మాత్రం ఫర్మ్‌వేర్‌కే.

ఇక తమ్ముడి లాప్‌టాప్. డివైస్ మేనేజర్ తెరిచి, పసుపు గుర్తున్న నెట్‌వర్క్ కంట్రోలర్ ప్రాపర్టీస్‌లో హార్డ్‌వేర్ ఐడీ చూశాను. అందులో నాలుగు అక్షరాల కంపెనీ నంబర్ ఉంటుంది. 8086 ఉంటే ఇంటెల్. 1978లో వాళ్లు చేసిన ప్రాసెసర్ పేరే అది! మోడల్ తెలిశాక, తమ్ముడి ఫోన్‌ను డేటా కేబుల్‌తో లాప్‌టాప్‌కు పెట్టి యూఎస్‌బీ టెథరింగ్ ఆన్ చేశాను. హాట్‌స్పాట్ కాదు సుమా, అది మళ్లీ వైఫైయే. కేబుల్ మీద వచ్చే నెట్‌కు కావలసిన డ్రైవర్ విండోస్‌లో, లినక్స్‌లో మామూలుగా ముందే ఉంటుంది. తర్వాత లాప్‌టాప్ కంపెనీ సైట్‌లోనే వెతికాం. "అన్ని డ్రైవర్లూ ఒకే క్లిక్‌తో" అనే సాఫ్ట్‌వేర్ల జోలికి పోకండి. ఇంకో మాట: మీ హాట్‌స్పాట్ 5 గిగాహెర్ట్జ్‌లో ఉంటే పాత కార్డులు దాన్ని చూడలేవు, పాపం డ్రైవర్‌ను తిట్టుకుంటాం.

ఫైల్ దిగుతుంటే తమ్ముడు అడిగాడు: "మరి నువ్వు అప్పుడు ఫోన్‌తోని ఎందుకు చేయలేదన్నా?"

అల్మారాలోంచి నా పాత ఫోన్ తీసి చూపించాను. కీప్యాడ్, టార్చ్‌లైట్, స్నేక్ గేమ్.