అక్షరం చెడకుండానే మూగబోయిన జన్యువులు

మనుషులకొచ్చే క్యాన్సర్లలో దాదాపు సగంలో కణాలకు కాపలాకాసే పి53 జన్యువు చెడిపోయి ఉంటుంది. ముక్కు వెనక, అంగిలికి పైన పుట్టే నాసోఫారింక్స్ క్యాన్సర్‌లో మాత్రం అది చాలావరకు చెక్కుచెదరదని 1992లోనే తేలింది. దక్షిణ చైనాలోని గ్వాంగ్‌డాంగ్, హాంకాంగ్ వాసులను ఎక్కువగా పట్టే జబ్బు ఇది. అక్కడి కణితుల్లో ఎప్‌స్టీన్-బార్ వైరస్ దాదాపు తప్పనిసరిగా కనిపిస్తుంది. కాపలా జన్యువు క్షేమంగా ఉండగా కణితి ఎలా పెరిగింది? ఈ జబ్బులో కణితిని అణిచే జన్యువులు చెడిపోవడం కంటే మూగబోవడమే ఎక్కువని నా వాదన.

అసలు అలాంటి జన్యువులున్నాయన్న ఊహకు బలం 1969లో వచ్చింది. ఆక్స్‌ఫర్డ్‌లో హెన్రీ హ్యారిస్ బృందం ఎలుక క్యాన్సర్ కణాలను మామూలు కణాలతో కలిపితే, పుట్టిన సంకర కణాలకు కణితి పెంచే గుణం అణిగిపోయింది. 1971లో ఆల్ఫ్రెడ్ నడ్సన్ పసిపిల్లల కంటి క్యాన్సర్ లెక్కలు కట్టి, ఒకే జన్యువు రెండు ప్రతులూ దెబ్బతినాలన్నాడు. ఆ తర్వాత చాలామంది చూపు క్యాన్సర్‌ను రెచ్చగొట్టే జన్యువుల మీదికి మళ్లింది. 1979లో దొరికిన పి53ని సైతం పదేళ్లపాటు ఆ జాబితాలోనే ఉంచారు. అది కాపలాదారని 1989లో గానీ ఒప్పుకోలేదు. హ్యారిస్ మాట చెవినపెట్టకపోవడంతో పోయిన కాలం తక్కువేమీ కాదు. ఆయన బాటలోనే 1998లో మూడో క్రోమోజోమ్ ముక్కను నాసోఫారింక్స్ క్యాన్సర్ కణాల్లోకి ఎక్కిస్తే, ఎలుకల్లో వాటి కణితి పెరుగుదల అణిగింది. 2000లో సరిగ్గా ఆ ప్రాంతంలోనే కణితిని అణిచే ఆర్‌ఏఎస్‌ఎస్‌ఎఫ్1ఏ జన్యువు బయటపడింది. 2001లో హాంకాంగ్ పరిశోధకులు రోగుల కణితుల్లో దాన్ని వెతికితే మ్యుటేషన్లు (అక్షరాల్లో మార్పులు) అరుదు. జన్యువు మొదలయ్యే చోట మాత్రం జన్యువును మూగబోయేలా చేసే మిథైల్ గుర్తులు దట్టంగా ఉన్నాయి. అక్షరాలన్నీ ఉన్నా పుటలు అతుక్కుపోయిన పుస్తకం లాంటిదన్నమాట. తొమ్మిదో క్రోమోజోమ్ మీది మరో కాపలా జన్యువు పి16 కొన్ని కణితుల్లో తెగిపోతుంది, మరికొన్నింటిలో మిథైల్ కింద మూగబోతుంది. ఒక ప్రతి పోయి, రెండోది మూగబోయినా నడ్సన్ లెక్క సరిపోతుంది. వైరస్ ప్రోటీన్ ఎల్‌ఎంపీ1 మిథైల్ అతికించే ఎంజైమును రెచ్చగొడుతుందని ప్రయోగశాలలో చూపారు కూడా.

ఈ వాదనకు రెండు అభ్యంతరాలున్నాయి. 1998 ప్రయోగంలో వాడిన హోన్1 కణాల్లో వేరే క్యాన్సర్ నుంచి వచ్చిన హీలా కణాల కల్తీ ఉందని తర్వాత తెలిసింది. నిజమే, ఆ ప్రయోగం ఒక్కదాన్నే నమ్ముకోకూడదు. కానీ మిథైల్ సాక్ష్యం రోగుల కణితుల నుంచే వచ్చింది. రెండోది మరింత గట్టిది: 2017లో ఈ కణితుల మీద జరిగిన జన్యుపఠనంలో, కణాల పెరుగుదలను ఉసిగొల్పే ఎన్‌ఎఫ్-కప్పా-బీ వ్యవస్థకు పగ్గాలు వేసే ట్రాఫ్3, సీవైఎల్‌డీ వంటి జన్యువుల్లో మ్యుటేషన్లు బాగానే దొరికాయి. అయితే ఎల్‌ఎంపీ1 ఎక్కువగా ఉన్న కణితుల్లో సాధారణంగా ఆ మ్యుటేషన్లు లేవు. ఎల్‌ఎంపీ1 కూడా అదే వ్యవస్థను రెచ్చగొడుతుంది కాబట్టి, అక్కడ వైరస్సే ఆ పని చేసిపెడుతోందనుకోవాలి. అందువల్ల ఇక్కడ అక్షరాలు మాత్రమే చదివే పరీక్ష సగం కథే చెబుతుంది. తెగిపోయిన జన్యువును తిరిగి అతికించలేం, మిథైల్‌ను చెరపవచ్చు. అజాసిటిడిన్ వంటి మందులు ఆ పని చేస్తాయి గానీ, ఒక్క జన్యువును ఎంచుకోవడం వాటికి రాదు. ఆ ఎంపిక నేర్పడమే ఇప్పుడు మిగిలిన అసలు పని.