చికిత్సా పాఠశాలల అసలు వంశం

మానసిక ఇబ్బందులతో, అదుపు తప్పిన ప్రవర్తనతో సతమతమయ్యే టీనేజి అమ్మాయిల కోసం అమెరికాలో నడుస్తున్న చికిత్సా పాఠశాలల చరిత్రను సాధారణంగా మెట్లెక్కినట్టు చెబుతారు. మొదట శిక్ష, తర్వాత సంస్కరణ, ఆపైన మనోవైద్యం. ఈ బడుల ప్రచారమూ ఇదే పాట పాడుతుంది. రికార్డుల్లో కథ ఇంత సాఫీగా లేదు.

తొలి దశలపై పెద్దగా తగాదా లేదు. 1856లో మసాచుసెట్స్ రాష్ట్రం లాంకాస్టర్‌లో బాలికల పారిశ్రామిక పాఠశాల తెరిచింది. జైలు గదులకు బదులు కాటేజీలు, ఒక్కోదానికి ఒక పెద్దావిడ, వంట, కుట్టుపని, ప్రార్థన. చేరినవాళ్లంతా నేరం చేసినవాళ్లు కారు. చాలామందిపై ఫిర్యాదు చేసింది సొంత కుటుంబమేనని చరిత్రకారిణి బార్బరా బ్రెంజెల్ ఆ రికార్డులు తిరగేసి చూపారు. 1909లో షికాగోలో విలియం హీలీ కోర్టుకొచ్చే పిల్లలకు మానసిక పరీక్షలు మొదలుపెట్టాక మాటలు మారాయి, నిర్బంధం పోలేదు. గాయని ఎల్లా ఫిట్జెరాల్డ్ 1930లలో కొంతకాలం గడిపిన హడ్సన్ బాలికల శిక్షణాలయంలో నల్లజాతి పిల్లల కాటేజీలు వేరు.

చిక్కంతా 1960ల దగ్గరే. ఖరీదైన ప్రైవేటు బోర్డింగు బడుల్లోకి చికిత్స ఆసుపత్రుల నుంచి వచ్చిందనుకోవడం సహజం. కానీ ఈ కోవకు దారి వేసిన ‘సీడూ’ను 1967లో కాలిఫోర్నియాలో పెట్టిన మెల్ వాసర్‌మన్ ఫర్నిచర్ వ్యాపారి. ఆయనకు నమూనా 1958లో చార్లెస్ డెడరిచ్ మత్తుబానిసల కోసం స్థాపించిన ‘సినానన్’. అక్కడ అందరూ వలయంగా కూర్చుని, ఒకరిని మధ్యలో పెట్టి మాటలతో చీల్చి చెండాడేవారు. దాన్ని ‘ది గేమ్’ అనేవారు. సీడూలో అదే ‘రాప్’ అయింది. పిల్లల్ని రాత్రంతా నిద్రపోనివ్వకుండా సాగే సుదీర్ఘ సమావేశాలు దానికి తోడయ్యాయి. మనసులోని రహస్యం నలుగురి ముందూ బయటపెడితేనే బాగుపడ్డట్టు లెక్క. లైంగిక దాడికి గురైన అమ్మాయికి ఈ పద్ధతి ఎంత నరకమో చెప్పడానికి మనోవైద్యుడు అక్కర్లేదు. సినానన్ సంగతంటారా, తమపై కేసు గెలిచిన న్యాయవాది పోస్టుపెట్టెలో 1978లో రాటిల్ స్నేక్‌ను పెట్టే దాకా వెళ్లింది.

ఈ వంశాన్ని పాత్రికేయురాలు మాయా సలావిట్స్ 2006లోనే ఎత్తిచూపారు. ఆమె వాదన చాలావరకు నిలుస్తుంది. అయితే అన్నిటినీ సినానన్ ఖాతాలో వేయడం సబబు కాదు. మంచి నడతకు పాయింట్లు, పాయింట్లతో సదుపాయాలు అనే పద్ధతికి ఒక ముఖ్య మూలం కాన్సాస్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 1967లో మొదలుపెట్టిన ‘అచీవ్‌మెంట్ ప్లేస్’ అనే చిన్న గృహం. సీడూ తమను నిలబెట్టిందనే పూర్వ విద్యార్థులూ ఉన్నారు. వాళ్ల మాట కొట్టిపారేయలేం. కాకపోతే ఆ మేలు వలయంలో కూర్చోబెట్టి తిట్టినందువల్లే కలిగిందని రుజువు చేసినవారు లేరు.

ఆసుపత్రి వారసత్వం కొంత ఆలస్యంగా, వేరే దారిలో వచ్చింది. ఇప్పుడు చాలా బాలికల బడులు తమ ప్రత్యేకతగా చెప్పుకునే డీబీటీ (డయలెక్టికల్ బిహేవియర్ థెరపీ) చికిత్సను రూపొందించిన మార్షా లినెహన్ స్వయంగా 17వ ఏట, 1961లో, హార్ట్‌ఫర్డ్ మానసిక వైద్యశాలలో చేరి రెండేళ్లకు పైగా ఉన్నారు. ఆ సంగతి 2011లో బయటపెట్టారు. ఆ చికిత్స మొదట పరీక్షకు నిలిచింది ఇంట్లోనే ఉంటూ క్లినిక్‌కు వచ్చిపోయే మహిళలపైన. అమ్మాయిని ఊరు దాటించి, నెలల తరబడి ఇంటికి దూరంగా ఉంచడానికి దాన్ని సాక్ష్యంగా చూపడం అరువు గౌరవమే.

ఇందుకు ఎదురు ఉదాహరణ ఫ్లోరిడాలో ఉంది. 1985లో జాక్సన్‌విల్‌లో మొదలైన ‘పేస్’ కేంద్రాలకు అమ్మాయిలు పగలు వెళ్తారు, సాయంత్రం ఇంటికొస్తారు. ఎండీఆర్‌సీ అనే పరిశోధన సంస్థ లాటరీ పద్ధతిలో చేసిన మదింపులో, ఈ అమ్మాయిలు చదువులో నిలదొక్కుకున్నట్టు తేలింది. నేరప్రవృత్తి తగ్గిందనడానికి మాత్రం స్పష్టమైన ఆధారం దొరకలేదు. ఇలా ఒప్పుకునే నిజాయితీ ప్రైవేటు బడుల ప్రచారంలో అరుదు.

సెలబ్రిటీ పారిస్ హిల్టన్ 2020లో యూటాలోని తన బడి అనుభవం బయటపెట్టాక, ఆ రాష్ట్రం 2021లో ఏటా నాలుగు తనిఖీలు, కుటుంబంతో ప్రతివారం ఏకాంతంగా మాట్లాడే హక్కు తప్పనిసరి చేసింది. 2024 డిసెంబరులో వచ్చిన సమాఖ్య చట్టం అధ్యయనం జరిపించమంది, అంతే. దేశమంతటా వర్తించే కనీస ప్రమాణాలు నిర్ణయించలేదు. కూతురికి తల్లితో ఫోనులో ఏకాంతంగా మాట్లాడే హక్కు ఏ రాష్ట్రంలో చేరిందన్నదాన్ని బట్టి మారుతున్నంత కాలం ఈ చట్టాన్ని సంస్కరణ అనలేం.