అసలు ఎక్కడ, నకలు ఎవరి దగ్గర: సీబెల్ క్లయింట్ల కథ



శాసనాల గురించి, పాళెగాళ్ల గురించి, మన ఇంటిపేర్ల గురించి ఇదివరకు చాలా రాసుకున్నాం. ఈసారి మన పిల్లల పని చరిత్ర రాస్తున్నాం. హోసూరులో పొద్దున్నే బస్సెక్కి, బెంగుళూరు ఎలక్ట్రానిక్ సిటీకి పోయి, రాత్రికి ఇల్లు చేరే పిల్లలు మనలో ఎంతోమంది. "ఏం పని నాయనా?" అంటే "సీఆర్ఎం" అంటారు, కొందరు "సీబెల్" అంటారు, మాట అక్కడితో ఆగిపోతుంది. ఆ ఒక్క మాట వెనక ముప్పై ఏళ్ల చరిత్ర ఉంది. రాయడానికి ఇంకో కారణమూ ఉంది. మన సంఘం సభ్యుల పట్టికను అందరి ఫోన్లలో పెట్టాలా, ఒక్కచోటే ఉంచాలా అని మనలో మనకు వాదన నడుస్తోంది. పెద్ద పెద్ద కంపెనీలు తలబద్దలు కొట్టుకున్నది సరిగ్గా ఈ ప్రశ్న మీదే.

సీఆర్ఎం అంటే కొనుగోలుదారుల వివరాలు చూసుకునే ఏర్పాటు. ఎవరు, ఎక్కడుంటారు, ఏం కొన్నారు, ఏ ఫిర్యాదు చేశారు, ఈసారి ఏం కొనేలా ఉన్నారు, అన్నీ ఒకచోట. అంతకుముందు ఇదంతా అమ్మకాలు చేసే మనిషి డైరీలో ఉండేది. ఆయన ఉద్యోగం మానితే డైరీ కూడా ఆయనతోనే పోయేది. 1987లో అమెరికాలో ఆక్ట్ అనే ప్రోగ్రాం వచ్చి ఆ డైరీని కంప్యూటర్‌లోకి ఎక్కించింది. అయినా అది ఒక మనిషి డైరీయే. పక్క బల్ల మీదున్న వాడికి అందులో ఏముందో తెలియదు.

1993లో టామ్ సీబెల్, ప్యాట్రీషియా హౌస్ కలిసి కాలిఫోర్నియాలో సీబెల్ సిస్టమ్స్ పెట్టారు. టామ్ సీబెల్ అంతకుముందు ఒరాకిల్‌లో పనిచేసినవాడు. కంపెనీలో వేలమంది డైరీలను ఒకే డేటాబేస్‌లోకి తేవాలన్నది వాళ్ల ఆలోచన. ఆలోచన బాగుంది గానీ, ఊళ్లు తిరిగే మనిషికి ఆ డేటాబేస్ అందేదెలా? ఈ కథంతా ఆ ప్రశ్నకు వెతికిన జవాబులే.

ఇక్కడ ఒక మాట విడమరచాలి. ఆఫీసుల్లో క్లయింట్ అంటే మన చేత పని చేయించుకునే కంపెనీ. సాఫ్ట్‌వేర్ లోపలి భాషలో క్లయింట్ అంటే వాడుకునే మనిషి ముందున్న ప్రోగ్రాం. అది డేటాను అడుగుతుంది, ఇచ్చేది సర్వర్. సీబెల్‌లో ఈ క్లయింట్లు ముఖ్యంగా మూడు రకాలు.

మొదటిది మొబైల్ క్లయింట్. ఆ రోజుల్లో మొబైల్ అంటే చేతి ఫోను కాదు, చేతపట్టుకు తిరిగే ల్యాప్‌టాప్. 1990లలో లైను కావాలంటే టెలిఫోన్ తీగకు మోడెమ్ తగిలించాలి. మన దేశంలో సామాన్యులకు ఇంటర్నెట్ వచ్చిందే 1995 ఆగస్టు 15న. అమెరికాలోనూ డాక్టర్ల చుట్టూ తిరిగే మందుల కంపెనీ మనిషికి రోజంతా లైను ఉండేది కాదు. అందుకని డేటాబేస్‌లో అతనికి కావలసిన ముక్కను కోసి, ల్యాప్‌టాప్‌లోనే ఒక చిన్న డేటాబేస్‌గా పెట్టారు. దానికి సైబేస్ వారి ఎస్‌క్యూఎల్ ఎనీవేర్ వాడారు. పగలంతా అతను ఆ నకలు మీదే పని చేస్తాడు. రాత్రి లైను కలిపితే తన మార్పులు పైకి పోతాయి, పై మార్పులు తనకు దిగుతాయి. పుస్తకం మొత్తం అటూ ఇటూ మోయరు, మారిన పంక్తులే ప్రయాణం చేస్తాయి. దీన్నే సింక్ అంటారు.

మన పెద్దలకు ఇది కొత్త కాదు. మద్రాసు రాజధానిలో గ్రామ లెక్కలు కరణం దగ్గరే ఉండేవి. కన్నడ సీమలో ఆ పని శానుభోగులది. ఏడాదికోసారి జమాబందికి ఆ పుస్తకాలు అధికారి ముందుకు వెళ్లేవి, తాలూకా లెక్కతో సరిచూసేవారు. తమిళనాట జమాబంది ఇప్పటికీ ఏటేటా జరుగుతూనే ఉంది. కరణం ఏడాదికోసారి చేసింది, ఈ ల్యాప్‌టాప్ ప్రతి రాత్రీ చేసేది.

నకళ్లు పెరిగితే చిక్కులూ పెరుగుతాయి. ఇద్దరు వేర్వేరు ఊళ్లలో ఒకే వేళ కొత్త పేరు చేరిస్తే రెండింటికీ ఒకే నంబరు పడకూడదు కదా. అందుకని ప్రతి ల్యాప్‌టాప్‌కూ దాని సొంత ముందక్షరాలు ఇచ్చారు. అది పుట్టించే ప్రతి నంబరూ వాటితోనే మొదలవుతుంది కాబట్టి ఇంకొకరి నంబరుతో కలవదు. మనిషి ప్రాంతం మారితే పాత ప్రాంతం పేర్లు తరువాతి సింక్‌లో అతని యంత్రం నుంచి తొలగిపోతాయి, కొత్త ప్రాంతం పేర్లు చేరతాయి. ఎవరికి ఎంత చూపాలో అంతే వాళ్ల చేతికి.

ఒకే ఫోన్ నంబరును ఇద్దరు రెండు రకాలుగా దిద్దితే? సర్వర్‌లో ముందే పడినదే నిలుస్తుంది. ఇది సీబెల్ మొదటి ఏర్పాటు, కావాలంటే మార్చుకోవచ్చు. వ్యాపారానికి ఇలాంటి నియమం ఒకటి ఉండి తీరాలి, లేకపోతే తగువు తెగదు. కానీ అన్నిటికీ ఇదే న్యాయం అనుకోకండి. మదురై, తంజావూరు నాయకుల కాలంలోనో, ఇంకా ముందో, మన పెద్దలు తెలుగు నకలు వెంట తీసుకుని దక్షిణాదికి నడిచారు. తరాల తరబడి లైను దొరకలేదు. ఇవాళ హైదరాబాదు వెళితే మన మాట విని "ఇదేం తెలుగు" అని నవ్వేవాళ్లున్నారు. సర్వర్‌లో ఉన్నదే సరైనదన్న నియమం ఫోన్ నంబరుకు చెల్లుతుంది, మాటకు చెల్లదు. మాటకు సర్వర్ అంటూ ఎవరూ లేరు.

రెండోది డెడికేటెడ్ క్లయింట్. దీనికి నకలు లేదు, నడిమి మనిషీ లేడు. సీబెల్ లెక్కాచారమంతా వాడే మనిషి కంప్యూటర్‌లోనే నడుస్తుంది, అక్కడి నుంచి నేరుగా అసలు డేటాబేస్‌కే తీగ. ఆఫీసు గోడల లోపల, లైను గట్టిగా ఉన్నచోట ఇది పనికొస్తుంది. మన పిల్లల్లో సీబెల్ డెవలపర్లుగా చేసినవాళ్లు ఎక్కువగా కూర్చున్నది దీని ముందే. తాము చేసిన మార్పును అందరి మీదికీ వదలకముందు ఇందులో నడిపి చూసుకుంటారు. తరువాతి కాలంలో దీని పేరే డెవలపర్ వెబ్ క్లయింట్‌గా మారింది. దీనిలో ప్రమాదమూ ఉంది: ప్రతి కంప్యూటర్‌కూ అసలు డేటాబేస్ తలుపు తెరిచి ఉంచాలి. అందుకే దీన్ని అందరి చేతికీ ఇవ్వరు.

మూడోది వెబ్ క్లయింట్. 2001లో వచ్చిన సీబెల్ 7తో ఇదే ప్రధానమైంది. మనిషి ముందు ఉండేది బ్రౌజర్ మాత్రమే. అతను అడిగింది ముందు వెబ్ సర్వర్‌కు పోతుంది. అక్కడి నుంచి సీబెల్ సర్వర్‌లోని ఆబ్జెక్ట్ మేనేజర్ అనే ప్రోగ్రాంకు చేరుతుంది. డేటాబేస్‌ను అడిగేది అదే. బ్రౌజర్ డేటాబేస్ ముఖం కూడా చూడదు. గుడిలో పూజారి ద్వారానే హారతి అందినట్టు. పదివేల కంప్యూటర్లలో ప్రోగ్రాం ఎక్కించే పని తప్పింది, సర్వర్‌లో ఒకచోట మారిస్తే అందరికీ మారింది. అయితే ఉద్యోగులు వాడే తెర సరిగ్గా పనిచేయాలంటే ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్, అందులో యాక్టివ్‌ఎక్స్ ముక్కలు ఉండాల్సిందే. ఏ బ్రౌజర్‌లోనైనా నడిచే ఓపెన్ యూఐ రావడానికి ఇంకో పదేళ్లు పైనే పట్టింది.

ఈ మూడూ వేర్వేరు సాఫ్ట్‌వేర్లు కావు. అన్నిటి వెనకా నియమాల పుస్తకం ఒకటే. చాలాకాలం దాన్ని ఎస్ఆర్ఎఫ్ అనే ఒక ఫైలుగా కూర్చి సర్వర్‌లోనూ, డెడికేటెడ్ క్లయింట్‌లోనూ, ల్యాప్‌టాప్‌లోనూ పెట్టేవారు. దారులు మూడు, శాస్త్రం ఒకటి. ల్యాప్‌టాప్‌లో పాత పుస్తకం ఉండి సర్వర్‌లో కొత్తది ఉంటే మాత్రం తంటా వచ్చిపడేది.

ఈలోగా 1999లో, ఒరాకిల్‌లోనే పనిచేసి వచ్చిన మార్క్ బెనియాఫ్ తన సహచరులతో సేల్స్‌ఫోర్స్ పెట్టాడు. కొనుక్కోనక్కర్లేదు, ఎక్కించనక్కర్లేదు, బ్రౌజర్ తెరిస్తే చాలు, నెలకింత అద్దె అన్నాడు. సీబెల్‌ను 2005లో సుమారు 585 కోట్ల డాలర్లకు కొంటున్నట్టు ఒరాకిల్ ప్రకటించింది, 2006 జనవరిలో అది పూర్తయింది. నకళ్ల కాలం పోయిందని చాలామంది అనుకున్నారు. పోలేదు. స్మార్ట్‌ఫోన్ వచ్చాక సిగ్నల్ లేని గోడౌన్లలో, ఘాట్ రోడ్లలో పనిచేసేవాళ్ల కోసం ఫోన్‌లోనే కొంత డేటా దాచి, లైను రాగానే సరిచూసే పద్ధతి మళ్లీ అవసరమైంది. పాత మొబైల్ క్లయింట్ పడ్డ కష్టాలే మళ్లీ ఎదురయ్యాయి. అందుకే పిల్లలకు మేం చెప్పేది: ఫలానా సాఫ్ట్‌వేర్ నేర్చుకోండి, తప్పులేదు. దాంతోపాటు అసలు ఎక్కడుంది, నకలు ఎవరి దగ్గరుంది, తేడా వస్తే ఎవరి మాట నెగ్గుతుంది అని అడగడం నేర్చుకోండి. సాఫ్ట్‌వేర్ పేరు మారినా ఈ మూడు ప్రశ్నలు మారవు.

ఇక మన పట్టిక సంగతి. అందులో సభ్యుల చిరునామాలున్నాయి, ఆడపిల్లల ఫోన్ నంబర్లున్నాయి, రక్తం గ్రూపులున్నాయి. మా మనవి నాలుగే మాటలు. అసలు పట్టిక ఒక్కచోటే, బాధ్యత తీసుకున్నవాళ్ల దగ్గర ఉండాలి. ఏ ఊరి శాఖకు ఆ ఊరి పేర్లు మాత్రమే వెళ్లాలి. రెండు నకళ్లలో తేడా వస్తే ముందు దిద్దినవారిది కాదు, ఆ సభ్యుడినే అడిగి తేల్చాలి. పదవి దిగినవారి ఫోన్‌లో నకలు మిగలకూడదు. ప్రాంతం మారిన మనిషి ల్యాప్‌టాప్ నుంచి పేర్లు తొలగించడం ఆ కంపెనీలకు తెలిసినప్పుడు, నాలుగు తరాలుగా ఒకరినొకరు నమ్ముకుని బతుకుతున్న మనకు అంతమాత్రం జాగ్రత్త భారమా?

ఈ రంగంలో పనిచేసిన మన పిల్లలు తమ అనుభవాలు తెలుగులోనే రాయండి. పెద్దలు చదువుతారు, అర్థం కాకపోతే అడుగుతారు. అడిగితే విసుక్కోకుండా చెప్పండి.