ఊపిరాడని ఆ సాయంత్రం తర్వాత

2021 జులై 5, సోమవారం. వింబుల్డన్ ఒకటో నంబర్ కోర్టులో పద్దెనిమిదేళ్ల అమ్మాయి పొట్ట పట్టుకుని, ఊపిరి అందక, కుర్చీలో కూలబడింది. ఎదుట ఆస్ట్రేలియాకి చెందిన ఐలా టామ్లయనోవిచ్. స్కోరు 6-4, 3-0. డాక్టరు వచ్చాడు, అమ్మాయిని లోపలికి తీసుకెళ్లారు, ఇక తిరిగి రాలేదు. ఆ అమ్మాయి ఎమ్మా రాడుకాను. అప్పటికి ప్రపంచ ర్యాంకు 338. వైల్డ్ కార్డు మీద వచ్చి, మాజీ ఫ్రెంచ్ ఓపెన్ ఫైనలిస్టు వొండ్రొషోవాని కూడా ఓడించి నాలుగో రౌండు దాకా నడిచింది. ఓపెన్ శకంలో అంత చిన్న వయసులో అక్కడిదాకా వెళ్లిన బ్రిటిష్ మహిళ మరొకరు లేరు.

ఆ అమ్మాయి ఇంకా తనకేమైందో చెప్పకముందే మిగతావాళ్లు చెప్పేశారు. బీబీసీలో జాన్ మెకెన్రో, ఇదంతా ఆమెకు కాస్త ఎక్కువైపోయినట్టుందన్నాడు. పియర్స్ మోర్గన్ అయితే ఒత్తిడి తట్టుకోలేక వదిలేసిందని తేల్చేశాడు. అదే టోర్నమెంటులో మగ ఆటగాళ్లూ మధ్యలో తప్పుకున్నారు. కిర్గియోస్‌కి పొట్ట కండరం పట్టేసింది, మానరినోకి మోకాలు మెలిపడింది. వాళ్లవి గాయాలు. ఈ అమ్మాయిది మాత్రం బలహీనత. అదే వేసవిలో నయోమి ఒసాకా, సిమోన్ బైల్స్ విషయంలోనూ ఇలాంటి మాటలే విన్నాం. ఆడవాళ్ల ఒంట్లో ఏం జరిగినా దాని మూలం మనసులోనే ఉంటుందనే వైద్యం చాలా పాతది. మన ఇళ్లలోనూ దాని వాసన తగులుతూనే ఉంటుంది. చరిత్రలో దానికి హిస్టీరియా అనే పేరు కూడా ఉండేది.

పొడవాటి ర్యాలీల వల్ల ఊపిరి బరువెక్కిందనీ, తల తిరిగిందనీ ఎమ్మా తర్వాత చెప్పుకుంది. ఆ అనుభవమంతా ఒక్కసారిగా మీద పడినట్టయిందని కూడా దాచకుండా ఒప్పుకుంది. ఒళ్లూ మనసూ వేరువేరు అరల్లో ఉండవని ఆమెకు తెలుసు. దాన్ని వాళ్లే ముందుగా, తీర్పులా చెప్పడం దగ్గరే నాకు అభ్యంతరం.

ఆమె ఎక్కడినుంచి వచ్చిందో కొంచెం చెప్పాలి. 2002 నవంబర్ 13న కెనడాలోని టొరంటోలో పుట్టింది. తండ్రి రుమేనియా మనిషి, తల్లి చైనాలోని షెన్యాంగ్ నుంచి వచ్చినావిడ. రెండేళ్ల వయసులో కుటుంబం లండన్ చేరింది. అయిదేళ్లకి రాకెట్ పట్టింది. దాంతోపాటు బ్యాలే, గుర్రపు స్వారీ, గో-కార్టింగ్ కూడా. ప్రొఫెషనల్‌గా ఆడుతూనే చదువు ఆపలేదు. మన ఇంటర్మీడియట్‌లాంటి ఏ-లెవెల్స్ 2021లోనే పూర్తిచేసింది. లెక్కల్లో అత్యున్నత గ్రేడు, ఆర్థికశాస్త్రంలో దాని తర్వాతది. ఫలితాలు వింబుల్డన్‌కీ యు.ఎస్. ఓపెన్‌కీ మధ్య ఆగస్టులో వచ్చాయి. ఆట ఏమైనా చదువుండాలనే తల్లిదండ్రుల పట్టుదల మనకు కొత్తేమీ కాదు కదా!

ఆమె మన దేశం వచ్చి వెళ్లిందని చాలామందికి తెలియదు. 2019 డిసెంబరులో, పదిహేడేళ్లప్పుడు, పూణేలో ఒక చిన్న ఐటీఎఫ్ టోర్నమెంటు గెలిచింది. మొత్తం ప్రైజ్ మనీ 25 వేల డాలర్లు, అదీ ఆడినవాళ్లందరికీ పంచగా. ఇరవై ఒక్క నెలలు తిరిగేసరికి న్యూయార్క్‌లో ఆమె ఒక్కదాని చేతికే 25 లక్షల డాలర్ల చెక్కు వచ్చింది. సరిగ్గా నూరు రెట్లు. మధ్యలో కోవిడ్ మింగిన ఏడాది ఉంది. ఆ కాలంలో ఆమె ఆడిన మ్యాచ్‌లకన్నా రాసుకున్న నోట్సులే ఎక్కువై ఉంటాయి.

న్యూయార్క్‌కి 150వ ర్యాంకుతో వెళ్లింది. అంటే ముందు మూడు క్వాలిఫయింగ్ మ్యాచ్‌లు గెలిస్తే తప్ప అసలు పోటీలో చోటు లేదు. ఆ రౌండ్లు అవ్వగానే ఇంటికి వెళ్లేందుకు విమానం టికెట్టు కూడా కొనుక్కుంది. ఆ టికెట్టు వాడాల్సిన అవసరం రాలేదు. మొత్తం పది మ్యాచ్‌లు, ఒక్క సెట్టు కూడా పోలేదు. దారిలో ఒలింపిక్ విజేత బెలిండా బెన్చిచ్, ఆ తర్వాత మరియా సక్కరి. కోవిడ్ ఆంక్షల వల్ల అమ్మానాన్నలు పక్కన లేరు.

సెప్టెంబరు 11 ఫైనల్ మనకి అర్ధరాత్రి దాటాక ఒంటిగంటన్నరకి మొదలైంది. ఇంట్లో అందరూ నిద్రపోయాక టీవీ శబ్దం తగ్గించి చూశాను. అవతల పంతొమ్మిదేళ్ల లైలా ఫెర్నాండెజ్. ఈక్వడార్ తండ్రి, ఫిలిప్పైన్స్ మూలాలున్న తల్లి, పుట్టింది మాంట్రియల్‌లో. ఇద్దరూ వలస కుటుంబాల పిల్లలే. రెండో సెట్ 5-3 దగ్గర ఎమ్మా జారిపడి ఎడమ మోకాలు చీరుకుపోయింది. రక్తం కారుతుంటే ఆట ఆపి కట్టు కట్టారు, అప్పుడామె బ్రేక్ పాయింట్ కాపాడుకోవాల్సిన స్థితిలో ఉంది. లేచి వచ్చి కాపాడుకుంది. చివరి పాయింటు ఏస్. 6-4, 6-3. క్వాలిఫయింగ్ నుంచి వచ్చి గ్రాండ్‌స్లామ్ గెలిచిన మొదటి మనిషి. మగవాళ్లలో కూడా ఎవరూ లేరు. రెండు నెలల కింద ఒత్తిడి తట్టుకోలేదని తేల్చిన పెద్దమనుషుల మాట గుర్తొచ్చి నాకు నవ్వొచ్చింది.

గ్యాలరీలో వర్జీనియా వేడ్ కూర్చునుంది. 1977లో ఆమె వింబుల్డన్ గెలిచాక మళ్లీ ఒక బ్రిటిష్ మహిళ గ్రాండ్‌స్లామ్ సింగిల్స్ గెలవడానికి నలభై నాలుగేళ్లు పట్టింది. వేడ్ కూడా చదువుకున్న మనిషే. ససెక్స్ యూనివర్సిటీలో లెక్కలు, భౌతికశాస్త్రం. 1968లో బోర్న్‌మత్‌లో జరిగిన మొట్టమొదటి ఓపెన్ టోర్నమెంటు గెలిచి, ఇంకా అమెచ్యూర్‌నే కదా అని బహుమతి డబ్బు వద్దంది. అక్కడ మగ విజేతకి వెయ్యి పౌండ్లు, ఆడ విజేతకి మూడు వందలు. ఆ ఏడాదే యు.ఎస్. ఓపెన్‌లో ఆమెకు 6 వేల డాలర్లు దక్కాయి, మగవాళ్ల బహుమతి 14 వేలు. బిల్లీ జీన్ కింగ్, ఆమె సహచరులు పోరాడాక 1973లో యు.ఎస్. ఓపెన్ సమానం చేసింది. వింబుల్డన్‌కి 2007 దాకా మనసు రాలేదు. ఎమ్మా చేతిలోని చెక్కు మీద ఈ లెక్కలన్నీ కనపడని సిరాతో రాసి ఉన్నాయి.

గెలిచిన మర్నాటినుంచి ఆమె అందరి బిడ్డ. 2014లో ఒక రేడియో ఇంటర్వ్యూలో, పక్కింట్లోకి రుమేనియా మగవాళ్లు దిగితే జనం కంగారుపడరా అన్నట్టు మాట్లాడిన నైజల్ ఫరాజ్ కూడా అభినందించాడు. ఎమ్మా తన ఇన్‌స్టాగ్రామ్ పరిచయంలో నాలుగు ఊళ్ల పేర్లు రాసుకుంది: లండన్, టొరంటో, షెన్యాంగ్, బుకారెస్ట్. చైనా అభిమానులకి మాండరిన్‌లోనే కృతజ్ఞతలు చెప్పింది.

తర్వాతి కథ పత్రికలకి బాగా ఇష్టమైనది. కోచ్‌లని మార్చడం, టిఫనీ, డియోర్ ప్రకటనలు, ఓటములు. 2022 జులైలో పదో ర్యాంకు, ఆగస్టు చివర్లో టైటిల్ నిలబెట్టుకోలేక మొదటి రౌండులోనే ఓటమి. నగలు పెట్టుకుని ఫొటో దిగడంవల్లే బ్యాక్‌హ్యాండ్ చెడిపోతుందన్నట్టు రాశారు. 2023 మేలో రెండు చేతులకీ ఒక చీలమండకీ ఆపరేషన్లు అయ్యాయి. మన సానియా మీర్జాకీ 2008లో మణికట్టు ఆపరేషన్ జరిగింది. కానీ ఆమె పేరు చెప్పగానే మనవాళ్లలో చాలామందికి గుర్తొచ్చేది 2005లో ఆమె స్కర్టు పొడవు మీద జరిగిన రచ్చే, ఆ ఏడాదే సొంతూరు హైదరాబాదులో గెలిచిన డబ్ల్యూటీఏ టైటిల్ కాదు. కోచ్‌లని ప్రశ్నలడిగి విసిగిస్తానని ఎమ్మా తానే ఒకసారి చెప్పింది. ప్రశ్నలడిగే ఆడపిల్లని మన స్కూళ్లలో ఏమంటారో వేరే చెప్పాలా?

కోచ్‌ల జాబితా మీద పెట్టిన శ్రద్ధలో సగం కూడా ఇంకో సంగతి మీద పెట్టలేదనిపిస్తుంది. గెలిచిన కొద్ది నెలలకే ఒక వ్యక్తి లండన్‌లో ఆమె ఇంటి చుట్టూ తిరగడం మొదలెట్టాడు. ఇరవై మైళ్లకు పైగా నడిచి వచ్చేవాడు. పూలు, చీటీలు వదిలాడు, ముంగిట్లో చెట్టుకి దీపాలు చుట్టాడు. ఆమెదనుకుని గుమ్మంలోంచి ఒక బూటు ఎత్తుకెళ్లాడు. అది వాళ్ల నాన్నది! 2022 ఫిబ్రవరిలో కోర్టు అయిదేళ్లు ఆమె దరిదాపులకి రావద్దని ఆజ్ఞాపించింది. ఒంటరిగా బయటికెళ్లే స్వేచ్ఛ పోయిందనీ, సొంతింట్లో కూడా భద్రంగా లేనట్టుందనీ ఆమె కోర్టుకి చెప్పుకుంది. ఆ సంవత్సరం ఆమె సర్వీస్ ఎందుకు గాడి తప్పిందో చర్చించినవాళ్లు ఈ చిన్న విషయం లెక్కలోకి తీసుకున్నట్టు నాకు కనపడలేదు.

2025 ఫిబ్రవరి, దుబాయ్. కరోలినా ముహోవాతో మ్యాచ్. ముందురోజు తన దగ్గరకొచ్చి ఉత్తరం ఇచ్చి, ఫొటో తీసుకున్న మనిషి ముందు వరసల్లో కూర్చుని కనిపించాడు. ఎమ్మా ఏడుస్తూ అంపైర్ దగ్గరికి వెళ్లి చెప్పి, ఆ ఎత్తుకుర్చీ వెనక్కి వెళ్లి నక్కి నిలబడింది. ముహోవా ఆట మానేసి అక్కడికి నడిచి వచ్చి పలకరించింది. ఆ మనిషిని బయటికి పంపించారు. ఈసారి ఎమ్మా తప్పుకోలేదు. కళ్లు తుడుచుకుని వచ్చి మ్యాచ్ పూర్తిగా ఆడింది, ఓడిపోయింది.