ఆటలో అరటిపండు

పంజాగుట్టకు కూతవేటు దూరంలో, బేగంపేటలో 1923లో జాగీర్దార్ కాలేజీ పెట్టారు. దేవిడీల్లో నౌకర్ల చేతుల మీద పెరిగే దొరబిడ్డలకు తమ ఈడు, తమ అంతస్తు తోడు అక్కడ దొరికింది. 1949లో జాగీర్లు రద్దయ్యాయి. 1951లో అదే బడి హైదరాబాద్ పబ్లిక్ స్కూల్ అయి మిగతావాళ్లకూ తలుపు తీసింది. పిల్లలు ఎవరి మధ్య పెరగాలన్నది డబ్బున్నవాళ్లు ముందునుంచీ ఆలోచించుకున్న సంగతే.

మామూలు వాకిళ్లలో ఆ ఆలోచన ఎవరికీ లేదు. పదేళ్ల అక్క తమ్ముణ్ణి చంకనేసుకునే తొక్కుడుబిళ్ల ఆడేది. వాడికి మూడేళ్లొచ్చి నేనూ ఆడతానని మారాం చేస్తే ఆటలో అరటిపండుగా కలుపుకునేవారు. అందరితో పరుగెత్తుతాడు, అరుస్తాడు, దొరికిపోయినా ఔట్ కాడు. అలా తిరుగుతుండగానే వంతు కోసం ఆగడం, ఓడినా ఏడవకపోవడం వంటబట్టేవి. టెట్, డీఎస్సీ బిట్ల కోసం మనవాళ్లు బట్టీపట్టే లెవ్ వైగాట్‌స్కీ, 1934లో పోయిన సోవియట్ మనస్తత్వవేత్త, చెప్పింది ఇంచుమించు ఇదే: ఒంటరిగా చేతకానిది తెలిసినవాళ్ల ఆసరాతో చేస్తూ చేస్తూ పిల్లలు సొంతం చేసుకుంటారు.

అలాగని ఆ వాకిలిని మరీ నెత్తికెత్తుకోనక్కర్లేదు. తమ్ముణ్ణి మోసిన అక్కకు చాలాసార్లు బడి ఉండేది కాదు. వెలివాడ పిల్లలకైతే అరటిపండుగానైనా చోటు లేదు.

వాకిలి దాటిన తోడును రేడియో కొంత ఇచ్చింది. న్యాయపతి రాఘవరావు, కామేశ్వరి దంపతులు 1940లో మద్రాసులో ఆంధ్ర బాలానంద సంఘం పెట్టారు, 1945లో 'బాల' పత్రిక తెచ్చారు, ఆంధ్రప్రదేశ్ ఏర్పడ్డాక హైదరాబాద్ వచ్చేశారు. రేడియో అన్నయ్య, అక్కయ్యలుగా వాళ్లు పక్కనుంటే మైకు ముందు పాడిందీ, నాటికలాడిందీ పిల్లలే.

ఆ తోడును విడదీసింది చదువుల పోటీ: 1980ల్లో ఎంసెట్, ఆ తర్వాత అమీర్‌పేట మైత్రీవనం చుట్టూ కంప్యూటర్ కోచింగులు. జిల్లాల నుంచి అక్కడి హాస్టళ్లకు వచ్చింది డిగ్రీ దాటినవాళ్లే, కానీ ఆ హడావుడి ఆరో తరగతి ఐఐటీ ఫౌండేషన్ దాకా దిగింది. అక్కడ మార్కులను బట్టి సెక్షన్లు మారుస్తారు. లెక్క బాగా వచ్చినవాడు పై సెక్షన్‌కు వెళ్లిపోతాడు, రానివాడి పక్కన అడగడానికి ఎవరూ మిగలరు. నాకు అన్నిటికన్నా పెద్ద నష్టంగా తోచేది ఇదే, సిలబస్ బరువు దీని తర్వాతే. ఆ లోటు పూడ్చడానికి ఇంటికి ట్యూషన్ మాస్టారొస్తాడు. కొన్ని ఇళ్లలో అతను ఉద్యోగం కోసం అమీర్‌పేట హాస్టల్లో ఉంటూ, ఖర్చులకు నెలజీతం మీద లెక్కలు చెప్పే ఇంజనీరింగ్ కుర్రాడే.